నాలుగు హెడ్‌ఫోన్లు, ఒకే పాట: చిన్న స్టూడియోలో బెహ్రింగర్ హెచ్‌ఏ400 చేసే పని, చేయలేని పని

గోదావరి జిల్లాల్లో చిన్న పాటల స్టూడియో అంటే చాలాచోట్ల మేడమీద ఒకే గది. ఒక మూల మైకు, ఇంకో మూల కంప్యూటరు, మధ్యలో పాట రాసినాయన, చేయించుకునేవాళ్ళ తరఫున ఒకరిద్దరు. రికార్డింగ్ నడుస్తుంటే స్పీకర్లు ఆపేయాలి, లేకపోతే ట్రాక్ అంతా మైకులో పడుతుంది. కాబట్టి ట్రాక్ వినేది హెడ్‌ఫోన్ పెట్టుకుని పాడేవాళ్ళు ఒక్కరే. మిగతావాళ్ళకి తంబూరా లేదు, తబలా లేదు, తాళం లేదు. పచ్చి గొంతు ఒక్కటే వినిపిస్తుంది. ఎంత తయారైన గొంతునైనా అలా ఆధారం లేకుండా వింటే శ్రుతి జారుతున్నట్టే ఉంటుంది. టేక్ అవ్వగానే "ఏమ్మా, ఇవాళ గొంతు బాలేదా?" అని ఎవరో ఒకరు అనేస్తారు. పాడినావిడ చిన్నబుచ్చుకుంటుంది. పాటని రికార్డ్ చేసి మిక్స్ చేసే ప్రొడ్యూసర్ సర్దబోతే "మీరు ఆవిడ పక్షం" అంటారు. అక్కణ్ణించి మాట ట్యూను మీదికి, సాహిత్యం మీదికి పోతుంది. అసలు జరిగిందేమిటంటే, గదిలో ఉన్న నలుగురూ విన్నది ఒకే పాట కాదు.

ఈ రివ్యూ ఆ ఒక్క సమస్యని తీర్చే చిన్న పెట్టె గురించి. బెహ్రింగర్ హెచ్‌ఏ400. ఒక స్టీరియో ఇన్‌పుట్, నాలుగు స్టీరియో హెడ్‌ఫోన్ అవుట్‌పుట్లు, నాలుగింటికీ విడివిడిగా వాల్యూమ్ నాబ్, 12 వోల్టుల అడాప్టరు. అంతే. రికార్డింగ్ నేర్చుకున్నవాళ్ళు ఇలాంటిది మిక్సర్ పక్కన పడి ఉండే సామానులా చూస్తారు. నలుగురితో కూర్చుని పాట తేల్చాల్సిన ప్రొడ్యూసర్‌కి మాత్రం కొత్త మైక్ కంటే ముందు ఇదే కొనమని చెప్పాలి. ఖరీదు కూడా మంచి స్టూడియో హెడ్‌ఫోన్ ఒక్కదానికంటే తక్కువే.

కనెక్షన్ దగ్గర తప్పు చేస్తే ఈ పెట్టెతోనే కొత్త తగాదా మొదలవుతుంది, అందుకని అది కాస్త వివరంగా. ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటరుకి కలిపే పెట్టె) హెడ్‌ఫోన్ అవుట్ నుంచి దీని ఇన్‌పుట్‌కి కావలసింది రెండు చివరలా 6.35 మిల్లీమీటర్ల టీఆర్ఎస్ జాక్ ఉన్న కేబుల్. జాక్ మీద రెండు నల్ల గీతలుంటే టీఆర్ఎస్, ఒక్కటే ఉంటే టీఎస్. గిటార్‌కి వాడే టీఎస్ కేబుల్ పెడితే ఎడమ చెవిలో మాత్రమే వినిపిస్తుంది. అంతకంటే ఇబ్బంది పెట్టేది ఇంకొకటుంది. ఇంటర్‌ఫేస్ వెనక ఉన్న లైన్ అవుట్ ఒక్కదాని నుంచి టీఆర్ఎస్ కేబుల్ లాగి ఇందులో పెడతారు. లైన్ అవుట్లు సాధారణంగా బ్యాలెన్స్‌డ్ రకం, వాటిలో రెండో తీగ మీద అదే సిగ్నల్ తలకిందులుగా వస్తుంది. ఈ పెట్టె దాన్ని కుడి చెవి అనుకుంటుంది. రెండు చెవుల్లోనూ శబ్దం ఉంటుంది గానీ గొంతు తల మధ్యలో నిలవదు, బేస్ డొల్లగా ఉంటుంది. పాడేవాళ్ళు "ఏదో తేడాగా ఉందండీ" అంటారు, ఏమిటో చెప్పలేరు. ప్రొడ్యూసర్ తన హెడ్‌ఫోన్‌ని నేరుగా ఇంటర్‌ఫేస్‌కి పెట్టుకుని "బానే ఉంది కదా" అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. లైన్ అవుట్ల నుంచే తీసుకోవాలంటే ఎడమ, కుడి రెండింటి నుంచీ రెండు టీఎస్ జాకులు వచ్చి ఒక టీఆర్ఎస్‌లో కలిసే వై కేబుల్ వాడాలి.

లెవెల్ విషయానికొస్తే, ఇంటర్‌ఫేస్ హెడ్‌ఫోన్ నాబ్‌ని మూడింట రెండు వంతుల దగ్గర ఉంచి, మిగతాది ఈ పెట్టె నాబ్‌లతో సరిచేసుకోవాలి. ఇంటర్‌ఫేస్‌లో బాగా తగ్గించి ఇక్కడ పూర్తిగా పెంచితే బుస వినిపిస్తుంది. అక్కడ పూర్తిగా పెంచేస్తే ఇన్‌పుట్ దగ్గరే శబ్దం చీలుతుంది.

హెడ్‌ఫోన్లు నాలుగూ ఒకే మోడల్ కొనండి. ఓముల్లో కొలిచే విద్యుత్ నిరోధం ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటుంది. ఆడియో టెక్నికా ఎమ్20ఎక్స్ 47 ఓములు, ఎమ్50ఎక్స్ 38 ఓములు, సోనీ ఎమ్‌డీఆర్ 7506 అయితే 63 ఓములు. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రోలో 80, 250 ఓముల రకాలు రెండూ ఉన్నాయి. వీటిని కలిపి వాడితే నాబ్‌లన్నీ ఒకే గీత దగ్గరున్నా ఒక్కొక్కరికి ఒక్కో స్థాయిలో వినిపిస్తుంది, 250 ఓములది అన్నిటికంటే నెమ్మదిగా. పైగా ఒక్కో మోడల్ స్వరం ఒక్కోలా ఉంటుంది. ఒకదాంట్లో బేస్ ఎక్కువ, ఇంకోదాంట్లో "స" "ష" గుచ్చుకుంటాయి. అలాంటప్పుడు మిక్స్ గురించి వాదించుకుంటున్నామని అనుకుంటాం, నిజానికి వాదన హెడ్‌ఫోన్ల మధ్య నడుస్తుంది. నాలుగు మామూలు హెడ్‌ఫోన్లు ఒకేలాంటివి ఉండటం, ఒకటి గొప్పది మూడు నాసివి ఉండటం కంటే ఎంతో మేలు. చెవి మొత్తం మూసే రకమే తీసుకోండి. వెనక తెరిచి ఉండే రకమైతే మైకులోకి క్లిక్ (తాళం కోసం వినిపించే టిక్ టిక్) కారుతుంది. ఫోన్ ఇయర్‌ఫోన్లు పెట్టాలంటే 3.5 నుంచి 6.35కి మార్చే కన్వర్టర్ కావాలి. అది వదులుగా ఉంటే ఒక చెవి పోతూ వస్తూ ఉంటుంది.

ఇక పెట్టె చేయలేని పని. ఇన్‌పుట్ ఒక్కటే కాబట్టి నలుగురికీ వెళ్ళేది ఒకే మిక్స్. పాడేవాళ్ళకి తమ గొంతు పెద్దగా కావాలి, డప్పు వాయించేవాళ్ళకి క్లిక్ గట్టిగా కావాలి, సన్నాయికి తంబూరా కావాలి. అది ఇక్కడ కుదరదు. ఒక్కో ఛానెల్‌కి విడిగా ఆక్స్ ఇన్‌పుట్ (అదనపు ఇన్‌పుట్) ఉన్న బెహ్రింగర్ హెచ్‌ఏ4700 లాంటి ర్యాక్ మోడల్ అయితే ఎవరి గొంతు వాళ్ళకి కాస్త ఎక్కువగా కలపొచ్చు. దానికి తగ్గట్టు ఇంటర్‌ఫేస్‌లో కూడా నాలుగైనా లైన్ అవుట్లు ఉండాలి. రెండు అవుట్ల ఇంటర్‌ఫేస్ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరిని విడిగా రికార్డ్ చేసుకోవడమే నయం.

ఒకే మిక్స్ అన్నది పాడేటప్పుడు లోపం, విని తేల్చుకునేటప్పుడు అదే బలం. టేక్ అయ్యాక నలుగురూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని అదే ట్రాక్, అదే సమతూకంలో వింటే సగం అభ్యంతరాలు వాటంతటవే పోతాయి. "గొంతు బాలేదు" అన్నాయనే తంబూరాతో కలిపి విన్నాక ఊరుకుంటారు. మిగిలిన అభ్యంతరాలకి నిజంగా విలువుంటుంది, ప్రొడ్యూసర్ ఓపిక వాటికి దాచుకోవాలి.

అలా వినిపించేటప్పుడు పాటించాల్సిన పద్ధతి ఒకటుంది. రెండు మిక్స్‌లు పోల్చాల్సి వస్తే ముందు రెండిటి శబ్దస్థాయి సమానం చేయండి. 1 డీబీ (డెసిబెల్, శబ్దస్థాయి కొలత) ఎక్కువున్నా చెవికి అదే బాగున్నట్టు అనిపిస్తుంది, కారణం శబ్దం పెరగడమేనని వినేవాళ్ళకి తెలియదు. కొత్త ప్రాజెక్టులో రెండు మిక్స్‌లనీ రెండు ట్రాకుల మీద పెట్టి, యూలీన్ లౌడ్‌నెస్ మీటర్ ఉచిత వెర్షన్‌తో పల్లవి దగ్గర ఎల్‌యూఎఫ్ఎస్ (చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) ఎంతో చూసి, ఎక్కువున్నదాన్ని తగ్గించండి. తక్కువున్నదాన్ని పెంచబోతే క్లిప్ కావచ్చు, అంటే శబ్దం చీలొచ్చు. ఫైళ్ళకి "నాది", "మీరు చెప్పింది" అని కాక "ఒకటి", "రెండు" అని పేర్లు పెట్టండి. ఏది ఎవరిదో చెప్పకుండా వినిపించి, అందరూ తమ ఎంపిక కాగితం మీద రాశాకే మాట్లాడుకోండి. ముందే నోటితో చెప్పేస్తే, గదిలో పెద్దాయన ఏది అంటే మిగతావాళ్ళూ అదే అంటారు. బయట విడుదలైన పాటతో పోల్చమంటే కూడా ఇంతే. అది −9 ఎల్‌యూఎఫ్ఎస్ దగ్గరుండి మీ మిక్స్ −16 దగ్గరుంటే, ఆ పాటని 7 డీబీ తగ్గించి వినిపించండి. యూట్యూబ్ ఎలాగూ గట్టిగా ఉన్న పాటల్ని −14 దగ్గరికి తగ్గిస్తుంది కాబట్టి "పక్కవాళ్ళ పాటకంటే మనది చిన్నగా ఉంది" అన్న మాటకి ఇదే సమాధానం, గొంతు పెంచకుండా చెప్పగలిగిన సమాధానం.

పాట రాసినాయన, పాడేవాళ్ళు, డబ్బు పెట్టినవాళ్ళు స్టూడియో భాషలో మాట్లాడరు, మాట్లాడనక్కర్లేదు. "బురదగా ఉంది" అంటే 200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య ఏదో పేరుకుందని. "గుచ్చుకుంటోంది" అంటే 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ దగ్గర చూడాలి. "మాట తెలియట్లేదు" అన్నప్పుడు వెంటనే గొంతు పెంచేయకండి. 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ దగ్గర గొంతుకి అడ్డొస్తున్న కీబోర్డునో, డప్పునో 2 డీబీ తగ్గించి చూడండి. అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న "దేంట్లో విన్నారండీ?" వాట్సాప్‌లో వచ్చిన పాటని ఫోన్ స్పీకర్లో విని "డప్పు తక్కువైంది" అంటారు. ఫోన్ స్పీకర్ డప్పు కింది శబ్దాన్ని దాదాపు పలికించదు. అది నమ్మి డప్పు పెంచితే తీర్థంలో, అంటే జాతరలో, డీజే పెట్టెల మీద గొంతే వినపడదు. గొంతు మామూలుగా ఉన్నది, 1 డీబీ పెంచినది, 1 డీబీ తగ్గించినది, మూడు ఫైళ్ళు తీసి పెట్టుకుంటే ఇలాంటి ఫోన్లు వచ్చినప్పుడు మళ్ళీ ప్రాజెక్టు తెరవక్కర్లేదు.

పాడేటప్పుడు వచ్చే కోపాల్లో ఎక్కువ భాగం లేటెన్సీ వల్ల, అంటే గొంతు కంప్యూటరు గుండా తిరిగి రావడానికి పట్టే ఆలస్యం వల్ల. 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటు దగ్గర బఫర్ (కంప్యూటరు ఒక్కసారికి పోగుచేసే శాంపిళ్ళ సంఖ్య) 128 ఉంటే ఒకవైపు ఆలస్యం 2.7 మిల్లీసెకన్లు, 512 ఉంటే 10.7, 1024 ఉంటే 21.3. మైకు నుంచి వెళ్ళి చెవికి తిరిగి వచ్చేసరికి అది రెట్టింపు దాటుతుంది. తన గొంతు తనకి ఆలస్యంగా వినిపిస్తుంటే ఎంతటివాళ్ళైనా తాళం వెనక పడతారు. "లయ తప్పుతున్నావమ్మా" అని నాలుగుసార్లు అన్నాక ఆవిడ ఇంక పాడదు. ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటర్ (గొంతుని కంప్యూటరుకి వెళ్ళి రాకుండా నేరుగా హెడ్‌ఫోన్‌కి ఇచ్చే స్విచ్) ఆన్ చేసి, సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్ మానిటరింగ్ ఆపండి. రెండూ ఆన్‌లో ఉంటే గొంతు రెండుసార్లు వినిపిస్తుంది. డైరెక్ట్ మానిటర్‌లో గొంతు పొడిగా ఉంటుందని అంటే, అప్పుడు మాత్రం ఆ ట్రాక్ మానిటరింగ్ మళ్ళీ ఆన్ చేసి, దాని ఫేడర్ (వాల్యూమ్ స్లైడర్) పూర్తిగా దించి, ఫేడర్‌తో సంబంధం లేని ప్రీ ఫేడర్ సెండ్ ద్వారా వంద శాతం వెట్‌గా (అసలు గొంతు కలవకుండా) పెట్టిన రివర్బ్, అంటే ప్రతిధ్వని, ఒక్కటే సాఫ్ట్‌వేర్ నుంచి పంపండి. దానికి ఆ కాస్త ఆలస్యం ఉన్నా ఇబ్బంది లేదు. హెడ్‌ఫోన్ మరీ గట్టిగా పెట్టినా శ్రుతి అంచనా తప్పుతుంది. పాడేవాళ్ళ నాబ్ తగ్గించి, ఒక చెవి సగం బయటికి పెట్టుకోమంటే చాలాసార్లు అక్కడికక్కడే సర్దుకుంటుంది. అలా తీసిన చెవి నుంచి క్లిక్ మైకులోకి పోకుండా ఆ వైపు కప్పుని తలకి ఆనించి ఉంచమనండి.

రెండు గదులున్న స్టూడియోలో టాక్‌బ్యాక్ (అవతలి గదిలో పాడేవాళ్ళతో మాట్లాడే ఏర్పాటు) కావాలి, ఈ పెట్టెలో అది లేదు. ఇంటర్‌ఫేస్ రెండో ఇన్‌పుట్‌కి స్విచ్ ఉన్న డైనమిక్ మైక్ పెట్టి, డైరెక్ట్ మానిటర్‌ని మోనోలో ఉంచితే పని జరుగుతుంది. స్టీరియోలో ఉంచితే పాడేవాళ్ళ గొంతు ఒక చెవికి, మీ మాట ఇంకో చెవికి పోతాయి. ఇక్కడ పరికరం కంటే వాడే తీరు ముఖ్యం. టేక్ ఆగాక అద్దం అవతల ముగ్గురు ఏదో మాట్లాడుకుంటూ నవ్వుకుంటుంటే, ఏమీ వినపడని గదిలో నిలబడ్డ మనిషి అది తన గురించే అనుకుంటాడు. టేక్ ఆగిన వెంటనే, ఊపిరి తీసుకునేలోపే, స్విచ్ వేసి ఏదో ఒకటి చెప్పండి. "పల్లవి అయిపోయిందండీ, అది ఉంచేస్తున్నాం. రెండో చరణం మూడో పాదం ముందు ఊపిరి కాస్త ముందుగా తీసుకుని ఇంకొక్కసారి." ముందు ఏది ఉంచుతున్నారో, తరవాత ఏది మార్చాలో. ఒక టేక్‌కి ఒకే సూచన. శ్రుతి, భావం, ఉచ్చారణ మూడూ కలిపి చెబితే మూడూ పోతాయి. ఇంకా ఏం చెప్పాలో తేలకపోతే "ఒక్క నిమిషం విని చెబుతామండీ" అన్నా చాలు.

హెడ్‌ఫోన్లు పెట్టుకునేదాకా రాకుండా ముందే తేల్చుకోవలసినవి మూడున్నాయి. మొదటిది శ్రుతి. ఒకటిన్నరలో పాడేవాళ్ళకి రెండున్నరలో ట్రాక్ చేసిపెట్టి, రికార్డింగ్ రోజు పిచ్ దించితే డప్పులు, సన్నాయి అన్నీ మొద్దుబారతాయి. ప్రోగ్రామింగ్‌కి ముందే చరణంలో అన్నిటికంటే పై స్వరం ఉన్న పాదాన్ని తంబూరా యాప్ మీద రెండు మూడు శ్రుతుల్లో పాడించి, తేలిన శ్రుతిని ప్రాజెక్టు పేరులోనే రాసుకోండి. రెండోది కాలం. ప్రభల తీర్థానికో, గరగ నృత్యాల కోసమో చేసే పాటల్లో డప్పు బృందం మొదట్నుంచి చివరికి వేగం పెంచుతుంది, ఆ పాటకి ప్రాణం అదే. క్లిక్ గీతకి కట్టేస్తే వాయించేవాళ్ళకి విసుగు, వదిలేస్తే ప్రోగ్రామర్‌కి విసుగు. చరణానికి 2 బీపీఎం (నిమిషానికి పడే దెబ్బల లెక్క) చొప్పున పెరిగే టెంపో మ్యాప్ వేస్తే ఇద్దరూ ఒప్పుకుంటారు. లేదంటే పైలట్ గొంతుతో (ఆధారం కోసం తాత్కాలికంగా పాడినదానితో) డప్పుని ముందు వాయించేసి, ఆ మీదట టెంపో గీయండి. మూడోది, ఏ విషయంలో ఎవరి మాట చివరిది. పదాలూ వాటి పలుకుబడీ రాసినాయనవి. శ్రుతి పాడేవాళ్ళది. మిక్స్ సమతూకం ప్రొడ్యూసర్‌ది. ఆఖరి ఓకే చేయించుకునేవాళ్ళ తరఫున ఒక్కరిదే. ఎన్నిసార్లు మార్పులు చేస్తారో కూడా కలిపి వాట్సాప్ గ్రూపులో ముందే పెట్టండి. హ్రస్వం ఉన్నచోట ట్యూను దీర్ఘం లాగుతోందని రాసినాయన మైకు ముందు ఆపితే ఎవరికి ఎంత హక్కో అప్పుడు వెతుక్కోకూడదు.

నాలుగు హెడ్‌ఫోన్లు ఉన్నాయంటే నలుగురి చెవులూ అలిసిపోతాయని కూడా అర్థం. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం ఒక రోజులో వినదగ్గ హద్దు 85 డీబీ దగ్గర 8 గంటలు, 88 దగ్గర 4, 91 దగ్గర 2, 94 దగ్గర ఒక్క గంట. 3 డీబీ పెరిగినప్పుడల్లా సమయం సగం. క్రిస్మస్ పాటలు, కార్తీకమాసం భజనలు, సంక్రాంతి పాటలు ఒకదాని మీద ఒకటి పడే రోజుల్లో సాయంత్రానికి నాబ్‌లన్నీ పొద్దున ఉన్నదానికంటే పైన ఉంటాయి. అందుకే పొద్దున పెట్టిన స్థాయి దగ్గర ప్రతి నాబ్ పక్కనా మార్కర్‌తో గీత పెట్టండి. ఎవరి నాబైనా గీత దాటి చాలా పైకి పోయిందంటే ఆ మనిషి చెవి అలిసినట్టే. ఆ సమయంలో మిక్స్ మీద ఏ నిర్ణయమూ తీసుకోకండి. హెడ్‌ఫోన్లు తీయించి, టీ తెప్పించి, పాట ఊసు లేకుండా పావుగంట కూర్చోండి. చిరాకు తగ్గడానికి ఇంతకంటే నమ్మకమైన దారి లేదు.

మన వాతావరణంలో దీన్ని చూసుకోవడం గురించి. కాలువల పక్క ఊళ్ళలో గాలిలో తేమ ఎక్కువ, జాక్‌ల మీదా నాబ్‌ల లోపలా చిలుం పట్టి నాబ్ తిప్పినప్పుడు గరగర వస్తుంది. వాడనప్పుడు సిలికా జెల్ పొట్లంతో మూత డబ్బాలో పెట్టండి, గరగర మొదలైతే కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి నాబ్‌ని అటూ ఇటూ పదిసార్లు తిప్పండి. హెడ్‌ఫోన్లలో హమ్ వస్తే ముందు ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసి చూడండి. పోతే తప్పు ఈ పెట్టెది కాదు, ఎర్తింగ్‌ది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు మాత్రమే హమ్ వస్తుంటే ఆ టైమ్‌లో ఎడిటింగ్ చేసుకుని, గొంతు రికార్డింగ్ ఆపేయండి. అడాప్టరు పోతే రౌటర్‌ది తెచ్చి గుచ్చేయకండి. వోల్టేజీ ఒకటే అయినా ప్లగ్ పోలారిటీ, కరెంటు సరిపోతాయో లేదో పాతదాని మీద గుర్తుతో పోల్చి చూడాలి.

ఒక్కరే కూర్చుని ట్రాకులు చేసుకునేవాళ్ళకి ఇది అనవసరం. కంట్రోల్ రూమ్‌లో స్పీకర్ల శబ్దం కూడా ఇక్కణ్ణించే తగ్గించాలనుకునేవాళ్ళు, మోనో, మ్యూట్ బటన్లున్న ప్రిసోనస్ హెచ్‌పీ4 చూడొచ్చు.  భజన బృందాలు, చర్చి పాటల టీములు, ఇద్దరు ముగ్గురు కలిసి కోరస్ పాడేవాళ్ళు ఎక్కువగా వచ్చే ఒకే గది స్టూడియోకి మాత్రం హెచ్‌ఏ400 సరిపోతుంది. కొనేటప్పుడే మీటరు పొడవు టీఆర్ఎస్ కేబుల్ ఒకటి, 6.35 కన్వర్టర్లు నాలుగు, పాడేవాళ్ళ కోసం 3 మీటర్ల హెడ్‌ఫోన్ ఎక్స్‌టెన్షన్ ఒకటి కలిపి తెచ్చుకోండి. ఎక్స్‌టెన్షన్ లేకపోతే పాడేవాళ్ళు కంప్యూటర్ ఫ్యాన్ పక్కనే నిలబడాల్సి వస్తుంది, ఆ హోరు ప్రతి టేక్‌లోనూ ఉంటుంది.